నల్లమడుగు ఒడ్డున అడుగు

గూడెం గూడేనికీ డప్పు కొట్టించినా ఉచ్చులు తియ్యడానికి ఒక్క ఆడమనిషీ రాలేదని దాలమ్మకి కోపం. ఆ కోపంతోనే వానలో తడుస్తూ కొండెక్కి, గురువమ్మ గుడిసె ముందు నిలబడింది. చేతిలో ఉచ్చు తీగ. తీగకి ఇంకా దుప్పి బొచ్చు అంటుకునే ఉంది.

"సచ్చిపోయింది గురువమ్మా. కడుపుతో ఉంది. నేను ఎల్లేసరికి కళ్ళు కూడా మూసుకోలేదు."

గురువమ్మ చూరు కింద కూర్చుని తీగని చూసింది.

ఆ కొండల్లో చైత్రమాసంలో వేట పండుగ. మగాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడికి ఊరి ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్నానం చేయించి, కోక కట్టి, వీధంతా తిప్పుతారు. ఈ కథ చెప్పేవాడు అక్కడ పుట్టలేదు గనక బతికిపోయాడు. పుట్టి ఉంటే ఏటా అదే స్నానం, అదే కోక.

గురువమ్మ పడుచుగా ఉన్న రోజుల్లో ఒక పండుగనాడు పేడ తట్ట కింద పెట్టి, "సల్లడం ఎవతైనా సల్లుతాది. వేట మనం ఆడలేమా?" అంది. పెద్దలు నవ్వారు. ఆమె మర్నాడూ అడిగింది, మరుసటేడూ అడిగింది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టి చివరికి పండుగలో ఒక రోజు ఆడవాళ్ళకి వదిలేశారు. దానికో షరతు పెట్టారు. ఆ రోజు వేట మీదైతే, ఏడాది పొడుగునా ఆ అడవిని కాచే పనీ మీదే. కాచలేకపోతే ఆ రోజూ లేదు, వేటా లేదు.

మోకాళ్ళు మొరాయించాక గురువమ్మ ఆ ఆడవాళ్ళ జట్టుని దాలమ్మ చేతికిచ్చింది. దాలమ్మ సామాన్యురాలు కాదు. బురదలో గిట్ట పడితే చాలు, ఆ జంతువు వయసెంత, కుంటిదా, చూలుదా, బెదిరి పరిగెత్తిందా, మేస్తూ నడిచిందా, అన్నీ చెప్పేది. పురోహితుడు జాతకం చెప్పినట్టే, కాకపోతే ఈమె చెప్పింది నిజమయ్యేది.

పండుగనాడు దాలమ్మ కేకేస్తే అడవి పట్టనంతమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పందిని తరిమి, పాటలు పాడి, బూతులు తిట్టుకుని, మాంసం సమంగా పంచుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. వానలు పడ్డాక కిందనుంచి తోళ్ళ వర్తకుల మనుషులొచ్చి ఉచ్చులు పెట్టేవాళ్ళు. అవి తియ్యడానికి పిలిస్తే మాత్రం ఒకతెకి ఊడ్పులు, ఒకతెకి జ్వరం, ఒకతెకి మొగుడు.

"పెద్దలు అప్పుడే గొణుగుతున్నారు," అంది దాలమ్మ. "దుప్పులు పోతే మన రోజు పోయినట్టే. నువ్వు బతికుండగానే పోతాది. మాంసానికి వచ్చేవోళ్ళు కాపలాకి ఎందుకు రారు? ఏడాదంతా వాళ్ళని కట్టి ఉంచడం ఎలాగ? అది సెప్పు నాకు."

"ఎవరిని పిలిచావు?"

"అందర్నీ."

"అందరూ అనే మనిషి ఏ ఇంట్లో ఉంటాది?"

దాలమ్మకి ఒళ్ళు మండింది. "ఎగతాళికి ఇది యేళ కాదు గురువమ్మా."

"కాదు," అని గురువమ్మ కర్ర పట్టుకుని లేచింది. "పొద్దున్నుంచీ కాళ్ళున్న మనిషి ఒకతి వత్తాదేమోనని సూస్తున్నాను. రా, నీకో జాడ సూపిస్తాను."

గుడిసె కింద నల్లమడుగు. ఎండాకాలంలో కూడా అడుగు కనపడని లోతు. ఇప్పుడైతే అంచుదాకా నిండి, చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఒడ్డున బురదలో ఒకచోట అడ్డాకులు బోర్లించి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి ఉన్నాయి. మంచి జాడ దొరికితే వానకి చెదరకుండా వేటగాళ్ళు అలాగే కప్పుతారు. చిరుతపులి అయ్యుంటుందని దాలమ్మ గబగబా గొంతుక్కూర్చుని ఆకు తీసింది.

తీసి, నవ్వేసింది. "ఇది మనిషి అడుగు గదా!"

"ఎవరిది?"

"ఎవతో నీళ్ళకి వచ్చినామెది."

"దుప్పిదైతే కడుపులో పిల్ల సంగతి కూడా సెప్పేదానివి," అంది గురువమ్మ. "ఈ కాలు నీ జట్టులో నీ పక్కన పరిగెట్టిన కాలే. సదువు."

దాలమ్మ నవ్వు మానేసి వంగింది. మొదట ఊరికే చూసింది. తరవాత వేటలో చూసినట్టు చూసింది.

వేళ్ళు మడుగు వైపు ఉన్నాయి. రెండు పాదాలూ పక్కపక్కన, చీలమండ దాకా దిగి ఉన్నాయి. నడిచే మనిషి అడుగు అంత దిగదు. చాలాసేపు కదలకుండా నిలబడ్డ మనిషిది. దాని కిందే అలాంటిదే ఇంకొకటి, వానకి సగం కరిగింది. అంటే ఇది మొదటిసారి కాదు.

పక్కన బిందె పెట్టిన గుర్తు. గుండ్రంగా, పైపైనే ఉంది. ఖాళీ బిందె.

దాలమ్మ లేచి తిరుగుదారి అడుగులు చూసింది. పరుగుతో దూరదూరంగా పడినా, వచ్చినప్పుడు ఎంత లోతో, పోయినప్పుడూ అంతే లోతు. నీళ్ళు మోసిన మనిషి అడుగు అలా ఉండదు.

ఆమె మళ్ళీ మడుగు వైపు చూసింది. చూస్తూ ఉండగానే చేతిలోని తీగ జారిపోయింది.

"నువ్వు పిలవలేదా?" అంది.

"పిలిచాను. లేడిలాగ పారిపోయింది. ఆ ఎనక ఎల్లడానికి నా మోకాళ్ళు సాలవు."

"ఎవరు గురువమ్మా ఈమె?"

"నన్నడుగుతావేటి? జట్టు నీది."

దాలమ్మ కళ్ళు మూసుకుని జ్ఞాపకం చేసుకుంది. ఎడం పక్కన తరిమేవాళ్ళు, కుడి పక్కన తరిమేవాళ్ళు, డప్పు మోసేవాళ్ళు. ఎవరెక్కడ నిలబడతారో తెలుసు. ఎవరు ఎంత పరిగెత్తగలరో తెలుసు. ఇంకేమీ తెలియలేదు.

గురువమ్మ వంగి, మిగతా ఆకులు కూడా తీసి పక్కన పడేసింది. చినుకులు అడుగులో పడి నిండసాగాయి.

"జాడ పచ్చిగానే ఉంది," అంది. "ఎల్లు."

దాలమ్మ వెళ్ళింది. గడ్డిలో ఒరిగిన పరకలూ, రాళ్ళ మీద అంటిన బురదా పట్టుకుని, వాగు దాటి నడిచింది. దుప్పి వెనక కూడా ఎప్పుడూ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవలేదు. జాడ ఒక గూడెం చివర, విడిగా ఉన్న గుడిసె దగ్గర ఆగింది.

లోపల పొయ్యి వెలగలేదు. వాసానికి గుడ్డ ఉయ్యాల కట్టి ఉంది. అందులో ఏమీ లేదు. గోడకి ఆనుకుని కూర్చున్న మనిషిని చూడగానే దాలమ్మ గుర్తుపట్టింది. ఎడం పక్కన, చివరామె. మొన్నటి పండుగలో ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, మిగతావాళ్ళకంటే నెమ్మదిగా పరిగెత్తిందని తను కసిరిన మనిషి.

ఆమె తలెత్తి గుమ్మంలో నీళ్ళోడుతున్న దాలమ్మని చూసింది.

"ఏటి, జట్టు పెద్దవి ఇలాగొచ్చావు?" అంది మెల్లగా. "ఈయేళ పండగేమీ కాదే."

దాలమ్మ తల వంచి లోపలికి దూరి, ఆమె పక్కన నేల మీద కూర్చుంది. కప్పులోంచి కారే నీళ్ళు సరిగ్గా దాలమ్మ భుజం మీదే పడుతున్నాయి.

ఆ మనిషి కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది, దాలమ్మ తడవకుండా.