మట్టి తొక్కిన గుమస్తా

"రోజుకు ఎంత కదిలితే చావు దగ్గరికి రాకుండా ఉంటుందమ్మా?" అని అడిగాడు పుండరీకం.

వకుళమ్మ గారు నాగావళి ఒడ్డున ఒక పాకలో ఆదివారాలు పురాణం చెప్పేవారు. ఎవరేమడిగినా ముందు ఒక పని పురమాయించడం ఆవిడ అలవాటు. ఆ పని చేసి వచ్చాక, ఇప్పుడు అడగమనేవారు. చాలామంది మళ్ళీ అడిగేవారు కాదు.

పుండరీకం నీటిపారుదల ఆఫీసులో గుమస్తా. నలభై మూడేళ్ళు. ఏడాది కిందట వాళ్ళ అన్నయ్య పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుప్పకూలిపోయాడు. రెండో గుండీ దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆ వేళ నుంచి పుండరీకానికి తన ఒళ్ళు తనకే పరాయిదైపోయింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండె నిక్షేపంగా ఉందనీ, కుర్చీకి అతుక్కుపోకుండా రోజూ కాస్త ఒళ్ళు కదిలించమనీ చెప్పాడు. మర్నాడే కాలేజీ మైదానంలో నడక మొదలుపెట్టాడు. వెనక ఎవరో తరుముకొస్తున్నట్టు నడిచేవాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే ఆగి, మణికట్టు పట్టుకుని నాడి చూసుకుని, భయంతో ఇంటికి వచ్చేసేవాడు. నెల తిరక్కుండా ఆ నడకా మానేశాడు. మానేసినందుకు ఇంకో భయం పట్టుకుంది. మెట్లెక్కాలంటే భయం, ఎక్కకపోతే భయం. కూతురు తాడాట ఆడదాం రమ్మంటే ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు.

వకుళమ్మ గారు అంతా విని, కుమ్మరి సన్యాసమ్మకు నీళ్ళ కుండ ఒకటి చెప్పాననీ, వెళ్ళి తెచ్చిపెట్టమనీ అన్నారు.

సన్యాసమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మొగుడికి మోకాళ్ళు పట్టేశాక మట్టి తొక్కే పని ఆవిడదే అయింది. పుండరీకం వెళ్ళేసరికి కుండ లేదు సరికదా, కుండకు మట్టే సిద్ధంగా లేదు. నానబెట్టిన మట్టి పెద్ద చాపంత మేర పరిచి ఉంది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే మట్టంతా పలచబడి పాడవుతుందనీ, ఇంకో రెండు కాళ్ళు తోడైతే గట్టెక్కుతాననీ ఆవిడ అడిగింది. అతను ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగాడు.

చల్లటి మట్టి వేళ్ళ సందుల్లోంచి జారింది. మడమతో నొక్కుతూ, వేళ్ళతో తోస్తూ, గుండ్రంగా తిరుగుతూ సన్యాసమ్మ పాట ఎత్తుకుంది. అతని కాళ్ళు వాటంతటవే ఆ పాటలో కలిశాయి. ఒకసారి జారి పడబోతే ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు. అన్న పోయాక అలా నవ్వడం అదే మొదలు. ఎంతసేపు తొక్కాడో అతనికే తెలీదు.

అంతలో వినబడింది. చెవుల్లో, గొంతులో, దబదబమని. నవ్వు పెదాల మీదే ఆరిపోయింది. గుండీ మీద ఆగిపోయిన చెయ్యి కళ్ళ ముందుకు వచ్చింది. అతను గట్టు మీద కూలబడి, మట్టి చేత్తోనే మణికట్టు పట్టుకున్నాడు. ఒళ్ళంతా చెమట. ఇక్కడే, ఈ మట్టి కాళ్ళతోనే అయిపోతుందనీ, ఇంటికి కబురు ఎవరు తీసుకెళతారోననీ అనుకున్నాడు. గుండె కొట్టుకుంటోందమ్మా అన్నాడు గానీ, ఆ మాట అతనికే సరిగా వినబడలేదు.

సన్యాసమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నెప్పి ఉందా, ఊపిరి ఆడుతోందా అని అడిగింది. నెప్పి లేదు. ఊపిరి ఆడుతోంది. భయమొక్కటే ఉంది. ఆవిడ తన మెడ పక్కన వేలు ఆనించి చూసుకుంది.

"నాకూ కొట్టుకుంటంది బాబూ. తొక్కినప్పుడు అది కొట్టుకోకపోతే, నాను పాట దేని మీద పాడతాను?"

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఊరేగింపు వీధి మలుపు తిరిగాక డప్పు చప్పుడు సన్నగిల్లినట్టు, లోపలి దబదబ కొంచెం కొంచెంగా దూరమైంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మొదలవగానే పారిపోయాడే గానీ, అది దానంతటది తగ్గేదాకా ఎన్నడూ కూర్చుని వినలేదు. పైన ఉరిమింది. అతను లేచి మళ్ళీ మట్టిలోకి దిగాడు.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే దారిలో అక్కడ ఆగడం అలవాటైంది. ఓ అరగంట తొక్కి, పాటలో ఓ చరణం నేర్చుకుని వెళ్ళేవాడు. ఒక సెలవునాడు కూతుర్నీ తీసుకెళితే, ఆ పిల్ల ఇక మట్టిలోంచి బయటికి రానంది. అయినా గుండె చప్పుడు వినబడిన ప్రతిసారీ అతనికి చేతులు చల్లబడేవి.

మూడు వారాలయ్యాక, కాల్చి సిద్ధమైన కుండను వకుళమ్మ గారికి అందించి, ఎదురుగా కూర్చుని సిగ్గుపడుతూనే బయటపెట్టాడు.

"భయం పోలేదమ్మా. అక్కడికీ నా వెంటే వస్తోంది."

"రానీ నాయనా" అన్నారావిడ. "దాన్నీ మట్టిలోకి దింపు. పాపం, అదీ ఏడాదిగా నిద్రపోలేదు."