మూడో వంతు గీత

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు కనకసేనుడు. కూతురు మల్లికావతిని పక్క రాజ్యానికి ఇచ్చారు.

ఒకనాడు నేతగాళ్లు వచ్చి, "పొరుగు బట్టలు చవగ్గా వచ్చిపడుతున్నాయి మహారాజా! మావి కొనే దిక్కు లేదు" అని మొరపెట్టుకున్నారు. రాజు జాలిపడి భస్మాక్షుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు. వాడు రాజ్యం చుట్టూ బూడిదతో గీత గీశాడు. బయటినుంచి ఏది గీత దాటి వచ్చినా మూడో వంతు వాడిది. మూడు తానులొస్తే ఒక తాను మాయం. మూడు బస్తాల ఉప్పొస్తే ఒక బస్తా మాయం.

మొదట నేతగాళ్లు సంబరపడ్డారు. తీరా చూస్తే నూలూ బయటిదే, రంగులూ బయటివే! మనుషులు దాటి లోపలికి వస్తే ఆయుష్షులో మూడో వంతు పోయేది.

"ఇక చెరిపెయ్యి" అన్నాడు రాజు.

"గీయమన్నావు, గీశాను. చెరపడం బేరంలో లేదు" అని నవ్వాడు మాంత్రికుడు.

ఇంతలో మల్లికావతికి ఏడో నెల వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా! ఆడపడుచు నీలవేణిని తోడు తీసుకుని బయల్దేరింది. బండి గీత అవతలే ఆగిపోయింది. కనకసేనుడు గీత ఇవతలిదాకా ఎదురొచ్చాడు.

"నేను దాటితే నా ఆయుష్షూ, బిడ్డ ఆయుష్షూ తరిగిపోతాయి అన్నయ్యా" అంది పొట్టమీద చెయ్యి వేసుకుని.

"మీ ఇంటికి రావాలంటే ప్రాణం కోసివ్వాలా బావా? మర్యాద బాగానే ఉంది!" అంది నీలవేణి.

కనకసేనుడు తల దించుకున్నాడు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని పెద్దలు చెప్పగా విని, ఆ రోజే బయల్దేరాడు.

ఒడ్డున తాబేలు కనిపించింది. "మోస్తాను. నాకేమిస్తావు?"

"నీ వీపుకి అంటుకున్న గవ్వలన్నీ గీకేస్తాను."

బేరం కుదిరింది. ఒక సముద్రం, రెండు సముద్రాలు, ఏడు సముద్రాలు దాటారు.

దీవిలో ఎలుక కనిపించింది. "పంజరం కొరుకుతాను. నాకేమిస్తావు?"

"నా మూటలో అటుకులూ బెల్లం ఉన్నాయి."

ఆ బేరమూ కుదిరింది. చిలక బయటికి వచ్చి, "నన్ను పట్టుకుపోతావా?" అంది బిక్కుబిక్కుమంటూ.

"నువ్వు నా సొత్తు కాదుగా. వస్తావా అని అడుగుతున్నాను."

"ఇన్నేళ్లలో నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే! వస్తాను. నాకేమిస్తావు?"

"పనయ్యాక నీ రెక్కలు నీవి. ఎటైనా ఎగిరిపో."

అప్పుడు చిలక అతని చెవిలో రహస్యం చెప్పింది. "మూడో వంతు తీసుకోకుండా వాడు ఒక్క ప్రాణిని ఊరికే వదిలినా ఆ గీత నిలవదు."

తిరిగి వచ్చేసరికి నెలలు నిండాయి. గీత అవతలే అన్న కోసం కాచుకుని ఉన్న మల్లికావతి నొప్పులతో బండిలో పళ్లు బిగించి ఉంది. గీత లోపల భస్మాక్షుడు కాపలా కాస్తున్నాడు.

"దాని మెడ తిప్పెయ్యి బావా!" అని అరిచింది నీలవేణి.

"దానికి మాటిచ్చాను. అదేం తప్పు చేసింది?" అని కనకసేనుడు చిలకను అరచేతిలో నిలబెట్టి గీత మీదికి చాచాడు. "భస్మాక్షా! ఇది నీ ప్రాణం. లోపలికి వస్తోంది. నీ మూడో వంతు తీసుకో!"

మాంత్రికుడి మొహం పాలిపోయింది. చిలక ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగు ఎత్తింది.

"వద్దు! దీనికి సుంకం లేదు, పోనీ!" అని కేకపెట్టాడు.

అంతే! బూడిద గాలికి లేచిపోయింది. గీతతోపాటే వాడి మంత్రాలూ పోయాయి. వాడు మామూలు ముసలివాడై మిగిలాడు. చిలక ఎటో ఎగిరిపోయింది.

బండి కదిలింది. చక్రాలు ఇవతలికి వచ్చాక మల్లికావతి నొప్పుల్లోనే నవ్వింది. "అన్నయ్యా, తన్నింది! ఎంత గట్టిగా తన్నిందో!"

ఆ సాయంత్రమే పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. బాలింత స్నానం అయ్యాక కనకసేనుడికీ నీలవేణికీ పెళ్లి జరిగింది. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు వచ్చి భోజనాలు చేశారు. నేతగాళ్లు పొరుగు రంగులతో పెళ్లిచీర నేసి, పొరుగు సంతలో ఇంకో వంద చీరలు అమ్ముకున్నారు. కనకసేనుడు అరవై ఏళ్లు ఏలాడు. అన్నేళ్లూ పుట్టింటికి వచ్చే ఆడపిల్లని ఎక్కడా ఎవరూ ఆపలేదు.