గురివి పూడ్చిన గుంట

అనగనగా నల్లమల అడవిలో ఒక పెంట. నవ్వకు బంగారం, మన చెంచులం గూడేన్ని అలాగే అంటాం. పది గుడిసెలు, చుట్టూ ఇప్పచెట్లు, పొద్దున లేస్తే ఎదుటి మనిషి కనబడనంత మంచు.

ఆ పెంటలో గురివి అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. దానికి ఒకటే యావ. సొంతంగా ఒక తవ్వుకోల కావాలి. తవ్వుకోల అంటే అడవిగడ్డలు తవ్వే కర్ర. అది చేతికొచ్చిందంటే ఇక పెద్దవాళ్ళతో సమానమే.

అది ఊరికే ఇస్తారా? లింగవ్వ దగ్గర చదువుకోవాలి. లింగవ్వ బడికి పలకా లేదు, గంటా లేదు. అడవే బడి. ముసలమ్మ చెప్పే పాఠాలు మూడే. అడుగు వేసేముందు వినాలి. తవ్వేముందు తీగని అడగాలి. గడ్డ తీశాక, తీగ అంటుకున్న తల మాత్రం కోసి మళ్ళీ నాటి, గుంట పూడ్చాలి. తల మట్టిలో ఉంటే వానలకి గడ్డ మళ్ళీ ఊరుతుంది.

అప్పుడు గురివి వాళ్ళమ్మకి బాబు పుట్టాడు. అమ్మ ఇంకా లేవలేదు, నాన్నేమో తేనెకి కొండెక్కాడు. ఇవాళ గడ్డ నువ్వే తేవాలి, సరిగ్గా తెస్తే తవ్వుకోల నీదే అని లింగవ్వ తన కర్ర ఇచ్చి పంపింది.

గురివి మంచులో మెల్లగా నడిచింది. ఎండుటాకుల కింద చీమల నడక కూడా వినబడినట్టే ఉంది దానికి. ఆ తర్వాత ఒక తీగ కనబడింది. మా అమ్మకి కాస్త గడ్డ పెడతావా అని అడిగింది. తీగ ఆకులు ఊపింది.

నడుములోతు తవ్వితే గడ్డ బయటపడింది. ఎంత గడ్డనుకున్నావు, కొత్తగా పుట్టిన తమ్ముడంత. ఇంకేముంది, పిల్లకి ఒళ్ళు తెలియలేదు. తలతో సహా పెకలించి, గుంట అలాగే వదిలేసి, పెంటకి ఒకటే పరుగు.

అందరూ మెచ్చుకున్నారు. లింగవ్వ గడ్డని ఇటు తిప్పింది, అటు తిప్పింది, తల దగ్గర ఆగింది. తల కోసి గురివి ఒళ్ళో పెట్టి, మిగతా గడ్డ నిప్పుల్లోకి తోసింది. నాలుగు తిట్టినా బాగుండేది. పిల్ల ముఖం చిన్నబోయింది.

తల వాడిపోతే ఆ తీగ ఇక లేనట్టే. గురివి దాన్ని తడి ఆకులో చుట్టి మళ్ళీ అడవిలోకి పరిగెత్తింది. కానీ ఇందాకటి సంబరంలో దారెవరు చూశారు? ఏ చెట్టు చూసినా అదే చెట్టులా ఉంది. ఏడుపొచ్చేసింది.

అప్పుడు మొదటి పాఠం గుర్తొచ్చింది. నిలబడి, కళ్ళు మూసుకుని విన్నది. ముందు గాలి వినబడింది. ఆ తర్వాత ఎక్కడో ఒక పిట్ట. ఆ తర్వాత, మట్టిని గీకుతున్న చిన్న చప్పుడు. గరగర, గరగర.

చప్పుడు వెంట వెళ్తే అక్కడుంది తన గుంట. అందులో ఒక కుందేలు పిల్ల. పైకి ఎగురుతోంది, జారిపడుతోంది, మళ్ళీ ఎగురుతోంది. గురివికి గుంట ఎందుకు పూడ్చమన్నారో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

దిగి దాన్ని రెండు చేతులతో ఎత్తి పైన వదిలింది. ఆ తర్వాత తప్పయిందని తీగకి చెప్పుకుని, తల నాటి, మట్టి పూడ్చి, పైన ఎండుటాకులు కప్పింది.

తిరిగొచ్చి ఇదంతా చెప్పినా లింగవ్వ కర్ర ఇవ్వలేదు.

"ఆకు లేచిన రోజు రావే," అంది.

ఇప్పపూలు రాలే రోజుల్లో గురివి వెళ్ళి చూసింది. ఉత్త మట్టి. ఎండలు ముదిరాక చూసింది. అదే మట్టి. తొలకరి పడ్డాక మూడోసారి వెళ్ళింది. ఎండుటాకుల్లోంచి ఒక లేతాకు తొంగి చూస్తోంది. గురివి దాని పక్కనే బోర్లా పడుకుని, తమ్ముడు బోర్లా పడుతున్నాడని, నవ్వుతున్నాడని ఎంతసేపు చెప్పిందో. ఆకు అలా ఊగుతూ విన్నది.

ఆ సాయంత్రం లింగవ్వ తన కర్రే తెచ్చి దాని చేతిలో పెట్టింది.

"నీ వయసులో నేనైతే ఆ తలని కూడా కాల్చుకు తినేశానే. నాకంటే నువ్వే నయం."

గురివి తమ్ముడు నడక నేర్చాక ఆ తీగ గడ్డే తిన్నాడు. గురివి కూతురూ తిన్నది.

ఆ కర్ర ఏమైందంటావా? పొద్దున లేచి మన తలుపు వెనక చూడు. మొన అరిగి ఉంటుంది. పట్టుకుని నాతో రా, ఆ తీగ నీకు చూపిస్తాను. గడ్డ నీకు, తల దానికి.

కథ కంచి చేరింది,
కుందేలు పొద చేరింది,
తీగ తల మట్టిలో ఒదిగింది,
నా తల్లి తల నా ఒళ్ళో ఒదిగింది.