చుక్కమ్మ కొరికేసిన సైప్రస్ చెట్టు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో జంతువులన్నీ కలిసి పెంచుకున్న పూలతోట ఒకటి ఉండేది. వింటున్నారా పిల్లలూ, ఆ తోటకు మాలి చుక్కమ్మ అనే కుందేలు. దాని పళ్ళే దానికి కత్తెర. శివరాత్రి వెళ్ళిందంటే చాలు, గోరింటనూ మందారాన్నీ నందివర్ధనాన్నీ జానెడు మోడు మిగిలేలా కొరికేసేది. పది రోజులు తిరక్కుండా అవి గుబురుగా చిగురించేవి. ఇంకేం, తనను మించిన మాలి లేదని చుక్కమ్మకు ఒకటే మిడిసిపాటు.

తోట మధ్యలో తాబేలు తాత పెంచి, తానే చూసుకునే సైప్రస్ చెట్టు ఉండేది. కింద వెడల్పుగా, పైన సన్నగా, చూడముచ్చటగా ఉండేది. ఎండలకు అడవంతా ఆకు రాల్చినా అది మాత్రం పచ్చగా ఉండేది. బుల్లెమ్మ అనే పిచ్చుక ఏటా డేగ కంటపడకుండా అందులోనే గూడు కట్టి పిల్లల్ని పెంచుకునేది.

ఆ ఏడు తాబేలు తాత ఏటి అవతల ఉన్న చెల్లెలిని చూడటానికి బయలుదేరాడు.

"అమ్మా చుక్కమ్మా, ఆ సైప్రస్‌ను మాత్రం..." అని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నాకు చెప్పాలా తాతా? నాలుగేళ్ళుగా ఇదే పని. నువ్వు వచ్చేసరికి పెళ్ళికూతురిలా తయారు చేసి పెడతానుగా," అంది చుక్కమ్మ. తాతకు ఇక మాట సాగలేదు. తల లోపలికి లాక్కుని వెళ్ళిపోయాడు.

శివరాత్రి వెళ్ళింది. చుక్కమ్మ మిగతా మొక్కలతో పాటు సైప్రస్‌నూ కొరికింది. మూడు రోజులు కష్టపడి, ఒక్క పచ్చ రెమ్మ కూడా లేకుండా జానెడు మోడు మిగిల్చింది. పాపం, దాని మనసులో చెడు లేదు. ప్రేమతోనే కొరికింది.

పదో రోజున మిగతావన్నీ చిగురించాయి. సైప్రస్ చిగురించలేదు. "బద్ధకపు చెట్టు," అని నవ్వి చుక్కమ్మ నీళ్ళు పోసింది. ఇరవయ్యో రోజున చూస్తే మోడు మోడులాగే ఉంది. చుక్కమ్మ గబగబా ఎరువు వేసింది. ముప్పయ్యో రోజున బుల్లెమ్మ గడ్డిపరక కరుచుకుని వచ్చింది. మోడును చూడగానే నోట్లోని పరక జారిపోయింది.

"అక్కా, నా చెట్టేది?"

"చిగురిస్తుందమ్మా. రేపో మాపో..."

"నేను ఇవాళో రేపో గుడ్లు పెట్టాలక్కా. పైన డేగ తిరుగుతోంది."

కొరికిన ఆ మూడు రోజుల్లో చుక్కమ్మకు బుల్లెమ్మ ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. బుల్లెమ్మ ఎగిరిపోయింది. ఎటు పోయిందో తెలియలేదు.

సాయంత్రానికి తాబేలు తాత వచ్చాడు. మోడు దగ్గరికి వెళ్ళి ముక్కుతో తడిమి చూశాడు.

"ఆకు ఉన్నంత మేరే, కొసలు మాత్రం తుంచాలమ్మా. ఆ రోజు ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. దీనికి ఆకు లేని ముదురు కాండంలోంచి చిగురు రాదు."

"ఎప్పటికీ రాదా తాతా?"

"ఎప్పటికీ రాదు."

"కొత్త మొక్క నాటుతాను. పిచ్చుక గూడు కట్టేంత చెట్టు కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు."

కుందేళ్ళు అన్నేళ్ళు బతకవు. అది తాతకూ తెలుసు, చుక్కమ్మకూ తెలుసు. అయినా చుక్కమ్మ లేచి, కొత్త మొక్క కోసం గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది.

నీతి: ఒక మొక్కకు మేలు చేసిన పద్ధతే ఇంకో మొక్క ప్రాణం తీయవచ్చు. ఎంత తెలిసినవారైనా, చెప్పేవారి మాట చివరిదాకా వినాలి.