కనిపించని చోటూ అరివేణి కుండలూ

గవర్రాజు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట అన్నది ఊరు కాదు, గవర్రాజే. భార్య బుల్లెమ్మ ఔనంది, తమ్ముడు తాతబ్బాయి ఔనన్నాడు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకెవర్ని అడగాలి?

కుండలు చేసే ఇల్లు వాళ్ళది. అక్క కూతురి పెళ్ళి దగ్గరపడింది. రంగులేసిన అరివేణి కుండలు పందిట్లోకి రానిదే పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టరు. వాటిని మేనమామే తేవాలని అక్క పట్టు. "పదకొండింటికి ముహూర్తం. కుండలు రాకపోతే నా మొహం చూడకురా" అని కూడా అంది. అందుకని గవర్రాజు పాత వ్యాను ఒకటి కొన్నాడు.

వ్యాను అమ్మిన నూకరాజు తాళం చేతిలో పెడుతూ చెప్పాడు. "చూడు బాబూ, బండికి పక్కనా వెనకా అద్దంలో కనిపించని చోటు ఉంటుంది. అక్కడ మనిషున్నా నీకు తెలీదు. ఆ చోట ఎవరూ లేకుండా చూసుకుని మరీ కదులు."

అంతే. పెళ్ళిరోజు పొద్దున్నే గవర్రాజు సీట్లో కూర్చుని అద్దంలోకి చూశాడు. తాతబ్బాయి బండి చుట్టూ తిరిగాడు. ఎక్కడెక్కడ మాయమయ్యాడో అక్కడల్లా బుల్లెమ్మ ముగ్గుపిండితో గీత గీసింది. కోడిపిల్ల కూడా దూరకుండా ఆ గీతల మీద కంప పరిచారు. "పీడ విరగడైంది. ఆ చోటు ఇంటి దగ్గరే ఉండిపోయింది" అనుకుని హాయిగా బయల్దేరారు.

కాలవగట్టు మీద గవర్రాజు అద్దం కేసైనా చూడకుండా బండిని పక్కకి తిప్పాడు. సైకిలు మీద వస్తున్న పెద్దాయన వెళ్ళి గడ్డిలో పడ్డాడు.

"పక్కన మనిషున్నాడో లేడో చూసుకోవక్కర్లేదా?"

"ఆ చోటు ఇంటి దగ్గరుందండీ" అంది బుల్లెమ్మ మర్యాదగా.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! తెలీకపోతే ఒకళ్ళు దిగి వెనకాల చూడండి!" అని తిట్టుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, తాతబ్బాయి దిగి బండి వెనకాల నిలబడ్డాడు. "అన్నయ్యా, కనిపిస్తున్నానా?"

గవర్రాజు ఈ అద్దంలో చూశాడు, ఆ అద్దంలో చూశాడు. "లేవురా!"

"అయ్యో, ఇందాకటిదాకా ఉన్నానే!"

బుల్లెమ్మ గుండె బాదుకుంది. ముగ్గురూ కలిసి తాతబ్బాయిని వెతకడం మొదలెట్టారు. అందరికంటే తాతబ్బాయే ఎక్కువ కష్టపడ్డాడు, మొలలోతు కాలవలో దిగి మరీ దేవులాడాడు. గవర్రాజుకి దుఃఖం ఆగలేదు. అమ్మ పోతూ పోతూ తమ్ముణ్ణి తన చేతిలోనే పెట్టింది మరి.

అటుగా వెళ్తున్న ముంజలమ్మే ఆవిడ ఆగింది. "ఎవరు తప్పిపోయారు నాయనా?"

"నేనేనండీ" అన్నాడు తాతబ్బాయి.

ఆవిడకి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. అతని చెయ్యి పట్టుకు లాక్కొచ్చి గవర్రాజు ముందు నిలబెట్టింది. "వెనకాల నిలబడితే అద్దంలో ఎలా కనిపిస్తాడయ్యా? బండి కదిలుంటే మీవాడు నుజ్జయిపోయేవాడు. ఇంకెప్పుడూ అక్కడ మనిషిని నిలబెట్టకు!"

గవర్రాజు తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. ఆ చోట మనిషిని నిలబెడితే ఒట్టు అన్నాడు.

పదకొండుకి పది నిమిషాలున్నాయనగా పెళ్ళింటికి చేరారు. అక్క మొహం వెలిగిపోయింది. కుండలు దించుతుంటే బావ పరుగెత్తుకొచ్చాడు. "పెళ్ళికొడుకు కారు వస్తోంది, బండి కాస్త వెనక్కి తియ్యి గవర్రాజూ!"

పందిట్లో పిల్లలు ఉరుకుతున్నారు, వంటవాళ్ళు గుండిగలు మోస్తున్నారు. ఈ తొక్కిసలాటలో కుండలెక్కడ పెట్టాలి? గవర్రాజు బుర్ర పనిచేసింది. మనిషన్నవాడు నిలబడకూడని చోటు ఒక్కటే ఉంది. అంతకంటే భద్రమైన చోటేముంది? కుండలన్నీ బండి వెనకాల పేర్పించాడు. దిగి స్వయంగా చూసుకున్నాడు. మనిషి లేడు. ఎక్కి వెనక్కి పోనిచ్చాడు.

ఫటేల్మంది. అక్క కూలబడింది. "ఒరేయ్, నా పిల్ల పెళ్ళిరా!"

"ముంజలావిడ మనుషుల సంగతే చెప్పింది వదినా. కుండల సంగతి చెబితే వినమా?" అంది బుల్లెమ్మ.

పెంకుల మధ్య ఒక్క కుండ మిగిలింది. అక్క కళ్ళు తుడుచుకుంది. "అదొక్కటున్నా చాలు, ముహూర్తం దాటదు. జాగ్రత్తగా పెట్టండ్రా, పెంకులేరాలి, బండి కాస్త ముందుకి తియ్యండి!"

తాతబ్బాయి కుండని గుండెకి హత్తుకుని బండి ముందుకొచ్చాడు. "వెనకైతే కనిపించదు. ముందైతే నీ కళ్ళెదుటే కదా అన్నయ్యా!" అంటూ బంపరుకి ఆనించి పదిలంగా పెట్టాడు.

"అదీ తెలివంటే!" అన్నాడు గవర్రాజు. సీట్లో నిటారుగా కూర్చుని ఎదురుగా వీధి చివరిదాకా చూశాడు. దారి ఖాళీగా ఉంది. అంతే, ధీమాగా బండి ముందుకి పోనిచ్చాడు.