అప్పలకొండ బిందె

అనగనగా, చలికి వాగుల మీద పొగ లేచే కొండల్లో, ఘాటు రోడ్డు మొదట్లో అప్పలకొండ అనే ముసలి మెకానిక్కు ఉండేవాడు. ఒక రేకుల పాక, చిల్లులకి మాట్లు వేసే కొలిమి, చనిపోయిన పెళ్లాం వాడిన రాగి బిందె. అంతే అతని ఆస్తి.

కొండ మీద పన్నెండు ఊళ్లకూ ఒకటే పాత వ్యాను. నడిపేవాడు బొంజుబాబు. కాన్పుకి తల్లుల్నీ, జబ్బు చేసిన బిడ్డల్నీ కింది ఆసుపత్రికి దింపేది ఆ వ్యానే.

దాని డాష్‌బోర్డు లోపల హీటరు డబ్బా ఉండేది. ఇంజిను వేడినీళ్లు అందులో తిరిగితే లోపలికి వెచ్చటి గాలి వచ్చేది. ఒక ఎండాకాలం అది కారింది. అప్పలకొండ మైదానంలో పని నేర్చినవాడు. "ఈ ఎండల్లో హీటరు ఎవుడికి కావాలిరా?" అని నవ్వాడు. డబ్బాలోకి నీళ్లు పోకుండా, నీళ్లు వచ్చే గొట్టాన్నీ పోయే గొట్టాన్నీ ఒకదానికొకటి కలిపేశాడు.

చలికాలం వచ్చింది. వెచ్చటి గాలి లేని వ్యానులో ఆసుపత్రికి దిగుతుండగా ఒక పసిగుడ్డు తల్లి ఒళ్లోనే చల్లబడిపోయింది.

ఆ రోజు అప్పలకొండ అన్నం ముట్టలేదు. మర్నాడు వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు.

"తాళం ఇలాగియ్యి."

"ఇప్పుడేటి మావా!" అన్నాడు బొంజుబాబు, కడుపుతో ఉన్న కూతురు గుర్తొచ్చి. "మా అమ్మికి నెలలు నిండిపోనాయి. నువ్వేమో నిన్న తిన్న కూరే మర్సిపోతావు. అంతా ఇప్పేసి మళ్లీ బిగించగలవా?"

"మర్సిపోతాను. అందుకే అడ్డాకులు కోసుకురా. ఎవుడికి కావాలని అన్నది నేనే కదరా."

విప్పిన ప్రతి స్క్రూనీ, విస్తళ్లు కుట్టే ఆ పెద్ద ఆకుల్లో ఒక్కోదాని మీద పెట్టాడు. "ఇది అద్దం కిందది. ఇది గేరు పక్కది" అని పైకి చెబుతూ వరసగా పరిచాడు.

మొదటి రోజు పాత డబ్బాకే మాటు వేశాడు. కారింది. "ఇంకోసారి" అన్నాడు.

రెండో రోజు పాతసామాను కొట్లో వేరే బండి డబ్బా తెచ్చాడు. పట్టలేదు. "ఇంకోసారి" అన్నాడు.

మూడో రోజు రాగి బిందె తెచ్చి కత్తెర పెట్టాడు.

"అయ్యో, అత్త బిందె కోసేత్తన్నావేటి మావా!"

"ఇన్నాళ్లూ సన్నీళ్లు మోసింది. ఇంక ఏణ్ణీళ్లు మోస్తాది."

రేకుని సన్నటి గొట్టాలుగా చుట్టాడు, అతికాడు, డబ్బా చేశాడు. కారలేదు! వరస చివరి నుంచి వెనక్కి ఒక్కో ఆకే చూసుకుంటూ బిగించాడు. ఆకులన్నీ ఖాళీ అయ్యేసరికి బొంజుబాబు కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

ఏడో మలుపులో, వ్యానులోనే, బిడ్డ పుట్టింది. వెచ్చటి గాలిలో గొంతు చించుకుని ఏడ్చింది.

పోయేముందు అప్పలకొండకి తన పేరు కూడా గుర్తు లేదంటారు. కొండకి మాత్రం గుర్తుంది. ఇప్పటికీ అక్కడ మెకానిక్కులు విప్పిన స్క్రూలు అడ్డాకుల మీదే పెడతారు. ఏ భాగాన్నైనా తీసి పారేసేముందు "ఇది ఎవరికి కావాలి?" అని మూడుసార్లు అడుగుతారు.

పసిబిడ్డతో దిగే ప్రతి డ్రైవరూ గాలి వచ్చే కంత ముందు అరచెయ్యి పెట్టి, "ఉన్నావా మావా?" అంటాడు. చెయ్యి వెచ్చబడితేనే బండి కదులుతుంది.