నల్ల బండలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆశ్రమంలో అందరికీ తెలుసు. కానీ ఆ ఎండాకాలం ఓబులమ్మ మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు.

బేతంచెర్ల దాటినాక కొండవాలులో ఉంది మా ఆశ్రమం. ఒక కొసన వంటిల్లు, ఇంకో కొసన భోజనశాల, మధ్యలో ఆరుబయట డాబా. మేము కింది గదుల నుంచి మెట్లెక్కి భోజనశాలకు పోతాం, వంట మాత్రం డాబా మీదుగానే రావాలి. చెప్పులు గేటు దగ్గరే విడవాలి, స్వామి అయినా సరే. డాబా గచ్చు పగిలి కింది గదులు కారుతుంటే, కలకాలం ఉండే నేల వేయించమని శివలింగస్వామి నాకు అప్పజెప్పినారు.

రెండు నెలలు అంగళ్ళ చుట్టూ తిరిగినాను. బండల్ని సుత్తితో కొట్టి చూసినాను, నిమ్మరసం పోసి చూసినాను, చెప్పుకాలితో రుద్ది చూసినాను. "ఇక్కడి గరుకు బండలు చాలవా?" అన్న మేస్త్రి నోరు మూయించి, నిగనిగలాడే నల్ల గ్రానైటే వేయించినాను.

వారం తిరగలేదు. మధ్యాహ్నం వడ్డనకు తెస్తూ ఓబులమ్మ డాబా మీద పులుసు ఒలకబోసింది. మరునాడు పప్పు. మూడోనాడు మజ్జిగ. ఇరవై ఏళ్ళుగా మాకు వండిపెడుతున్న మనిషి, గిన్నె పట్టుకుని చిన్నపిల్లలా ఆ పరుగేంది?

"కండ్లు నెత్తికెక్కినాయా?" అన్నాను, భోజనశాల గడపలో నిలబడి.

"చెయ్యి జారిందప్పా," అంది. తల ఎత్తలేదు.

బండకు మరక పడలేదు. అయినా నా కష్టానికి ఇంతేనా విలువ అని ఒళ్ళు మండిపోయింది. తిన్నగా స్వామి దగ్గరికి పోయినాను.

"ఆమెను పంపించేయండి. ఆమె ఉంటే నేనుండను."

ఓబులమ్మకు ఆశ్రమం తప్ప వేరే దిక్కు లేదు. అది తెలిసే అన్నాను.

"రేపు చెబుతా. రేపు అన్నం నువ్వు తీసుకురా," అన్నారు స్వామి.

మరునాడు నడినెత్తిన ఎండ. అన్నం గుండిగ రెండు చేతులా ఎత్తుకుని వంటింటి గడప దాటినాను. నాలుగడుగులకే అరికాళ్ళు భగ్గుమన్నాయి. గుండిగ దించితే నేనూ అక్కడే నిలబడాలి. పరుగెత్తితే అన్నం నేలపాలు. ఎండను తిట్టుకున్నాను, బండల్ని తిట్టుకున్నాను, స్వామినీ తిట్టుకున్నాను.

అటువైపు నుంచి స్వామి వస్తున్నారు. ఉత్త కాళ్ళతో, రోజూ నడిచినంత మెల్లగా. వచ్చి గుండిగ ఒక చెవి పట్టుకున్నారు.

"నడువు."

ఇద్దరం మోసుకుంటూ భోజనశాలలోకి వచ్చినాం. గుండిగ దించి స్వామి నా ముందు నిలబడినారు.

"ఇప్పుడు చెప్పు చెన్నకేశవా. ఎవరిని పొమ్మందాం?"

ఆ గొంతులో కోపం నేను వినడం అదే మొదలు.

అంతలో ఓబులమ్మ ఆ బండల మీదుగానే పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో చిన్న గిన్నె.

"కూచోప్పా, కాళ్ళు చాపు," అంది. "వెన్న రాస్తే మంట తగ్గుతాది. మూడు దినాల నుంచి చేతికందేట్టే పెట్టుకున్నా."